చిత్రభాషయందు బహువచనము

వియన్నా నగరమున 1925వ సంవత్సరమందు ఓటో నోయ్‌రాట్ అను పండితుఁడు సాంఘికార్థికవిషయ ప్రదర్శనశాల నొకదానిని నెలకొల్పెను. జననమరణములు, గృహనిర్మాణము, వ్యాధులు, కార్మికుల స్థితిగతులు మున్నగువానిని, అంకెల పట్టికలను జదువ నోపని సామాన్యజనులకు బొమ్మలతోఁ దెలుపుట యా శాలకుఁ బ్రయోజనము. అచటఁ బుట్టిన పద్ధతికి మొదట వియన్నాపద్ధతి యనియు, 1935 నుండి ఐసోటైప్ అనియుఁ బేరు కలిగెను. 1936లోఁ బ్రకటించిన తన గ్రంథమునకు నోయ్‌రాట్ 'అంతర్జాతీయ చిత్రభాష' యను నర్థము గల పేరిడెను. అది మొదలుగా దృశ్యరచనాచరిత్రకారులు దీనిని భాష యనియే తఱచుగా వ్యవహరించుచున్నారు. పరీక్షింపఁదగినది యీ భాషాశబ్దమే. భాష యైనచో దానికి వ్యాకరణ ముండవలెను. ఉన్నచో నది యెట్టిది?

నోయ్‌రాట్‌నకుఁ బూర్వము సంఖ్యలను బొమ్మలతోఁ జూపువారు పెద్ద సంఖ్యకుఁ బెద్ద బొమ్మను, చిన్న సంఖ్యకుఁ జిన్న బొమ్మను వేయుట కలదు. ఒక దేశపు సైన్యము వేఱొక దేశపు సైన్యమునకు రెట్టింపైనచో సైనికుని బొమ్మను రెట్టింపెత్తున వ్రాసెడివారు. ఎత్తుతోపాటు వెడల్పును రెట్టించుటచే బొమ్మ యాక్రమించు చోటు నాలుగింతలగును. దానిని ఘనముగా భావించువాని కెనిమిదింతలుగాఁ దోఁచును. వ్రాసినవాఁడు రెండనఁగాఁ జూచినవాఁడు నాలుగని వినుచున్నాఁడన్నమాట. ఈ దోషమును బరిహరించుటకై, బొమ్మ యెన్నఁడును బెరుగరాదనియు, బొమ్మల లెక్కయే పెరుగవలెననియు నోయ్‌రాట్ నియమించెను. ఒక్కొక్క మనుష్యుని బొమ్మ లక్షమందికి గుఱుతైనచో, ఇరువది లక్షల కిరువదుగురును, పది లక్షలకుఁ బదుగురును వరుసలు దీరి నిలుతురు. చూపరి యా వరుసల పొడవులను బోల్చుకొనును.

ఈ నియమము పాణినీయము చదివినవారి కాశ్చర్యకరముగా నుండక మానదు. అష్టాధ్యాయి ప్రథమాధ్యాయ ద్వితీయపాదమున నేకశేషము విధింపఁబడినది. వృక్షములు పెక్కులున్నచో వృక్షశబ్దము నన్నిమాఱు లుచ్చరింపవలసి వచ్చును గదా యను శంకకు, సమానరూపములలో నొక్కటియే మిగులునని యా సూత్రము సమాధానము చెప్పుచున్నది. లోపించినవాని యర్థమును మిగిలిన శబ్దమే మోయును. బహుత్వమును విభక్తి తెలుపును. ఐసోటైప్ దీనికి సరిగా నెదురు. అచట నేదియు లోపింపదు. ప్రతి వృక్షమును గాగితముపై నిలిచియే తీరవలెను. విభక్తి లేని భాషకు వేఱుదారి లేదు.

ఐనను దీనిని గొఱఁతగా నెంచుట యన్యాయము. బహువచనము మూఁటికిని మూఁడు కోట్లకును సమానమే. ఎన్ని యని తెలుపుటకు సంఖ్యావాచకమును వేఱుగాఁ జేర్చవలెను. చిత్రమందలి యావృత్తి బహుత్వమును, పరిమాణమును నొక్కసారిగాఁ గంటికిఁ జూపును. ఈ యొక్క విషయమున శబ్దముకంటెఁ జిత్రమునకు బలము హెచ్చు.

ఏకశేషసూత్రభాష్యమునందే శబ్దమున కర్థ మాకృతియా ద్రవ్యమా యను ప్రసిద్ధమైన చర్చ యున్నది. వాజప్యాయనుఁ డాకృతి యనియు, వ్యాడి ద్రవ్యమనియుఁ జెప్పిరి. ఐసోటైప్ బొమ్మలలోఁ బెక్కింటిని రూపొందించిన గెర్డ్ ఆర్న్‌ట్స్ వానిని లినోలియమ్ పలకలపైఁ జెక్కి ముద్రింపించెను. ఆయన మనుష్యునకుఁ గన్నులు, ముక్కు లేవు. ఇతఁడు ఫలానావాఁడని చెప్పుటకు వీలులేదు. రూపమును బట్టి చూచినచో నాకృతివాదము, వరుసలోఁ బలుమాఱు నిలుచుటను బట్టి చూచినచో ద్రవ్యవాదము. నిజమున కా బొమ్మ జాతియుఁ గాదు, వ్యక్తియుఁ గాదు, లక్షమంది సముదాయము. వ్యాడి వాజప్యాయను లిరువురు నూహింపని మూఁడవ పక్షమిది.

సమాసములకు వచ్చునప్పటికి చిత్రభాష తడఁబడును. నోయ్‌రాట్ పాదరక్షను కర్మశాలతోఁ జేర్చి పాదరక్షల కర్మశాల యనియు, మనుష్యుని బొగ్గుతోఁ జేర్చి బొగ్గు కార్మికుఁడనియుఁ జూపెను. విభక్తులు లోపించినవి గావున నివి సమాసములే. కాని బొగ్గుతోడి మనుష్యుఁడు దానిని ద్రవ్వువాఁడా, మోయువాఁడా, అమ్ముకొనువాఁడా? శబ్దసమాసమునను సందేహము కలుగును గాని, యచట విగ్రహవాక్యము చెప్పి తీర్పవచ్చును. చిత్రమునకు విగ్రహవాక్యము చిత్రములలో లేదు. పటము క్రింద మాటలలోనే వ్రాయవలెను.

అభావమును దెలుపుట యింకను గష్టము. ఆర్న్‌ట్స్ చెక్కిన నిరుద్యోగి బొమ్మ మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది: జేబులలోఁ జేతులు పెట్టుకొని తలవంచి నిలిచిన మనుష్యుఁడు. సుందరమైన కల్పన. కాని యిది నఞర్థము గాదు, లక్షణ. పని లేనివానికిఁ జేతులకు వ్యాపార ముండదు గాన నా భంగిమ పనిలేమిని సూచించుచున్నది. చలికాలమున వియన్నాలోఁ బనిగలవాఁడును జేబులలోఁ జేతులు పెట్టుకొనును గదా! వీథులలో నిషేధమును దెలుపు నేఁటి ఫలకములు బొమ్మపై నడ్డగీఁత గీయుచున్నవి. అది నఞ్‌నకు సమీపమైనది, కాని చిత్రము గాదు, అక్షరమువంటి సంకేతమాత్రము.

చిత్రములు సహజముగనే యర్థమగును, మాటలకు సంకేత మావశ్యక మనువారి కుత్తరముగా నైజీరియా వృత్తాంతము చాలును. నోయ్‌రాట్ 1945లో మరణించిన తరువాత, ఆయన భార్యయు సహకారిణియు నైన మేరీ 1950 తరువాతి సంవత్సరములలోఁ బశ్చిమ నైజీరియా ప్రభుత్వమునకై విద్యారోగ్యకృషివిషయములపైఁ జిత్రపత్రములు కూర్చెను. అచట మనుష్యుని దుస్తులు, ఇండ్ల రూపములు, పంటలు మార్చి వ్రాయవలసివచ్చెను. వియన్నా మనుష్యుఁడు సర్వలోకమనుష్యుఁడు గాఁడయ్యెను. భారతదేశమున 1951–52 ఎన్నికలలోఁ గాంగ్రెసు గుఱుతైన కాఁడి కట్టిన యెద్దులజంటను జూచి యెవ్వఁడును ఎద్దులకు వోటు వేయుచున్నాననుకొనలేదు. అది కేవలము రూఢి. చిత్రమునకు సంకేతాపేక్ష లేదనుట చెల్లదు.

ఇఁక క్రియ. తిఙంతము లేనిది వాక్యము పూర్తికాదు. ఐసోటైప్ పటమున లకారము లేదు. సంవత్సరపు టంకెలే కాలమును జెప్పును. హేతువును జెప్పు 'కావున', 'ఐనను' అను నవ్యయములు లేవు. నిరుద్యోగులు పెరిగిరని పటము చూపును. ఏల పెరిగిరో పైనున్న శీర్షిక చెప్పినఁ జెప్పును, లేకున్న లేదు. కావున నిందుఁ బ్రాతిపదికయు సంఖ్యయుఁ గలవు, కారకము లేదు. ఈ లోపమును నోయ్‌రాట్‌పై నారోపించుట తగదు. ఇది మాటల భాషకు సహాయమైనదే కాని దాని స్థానము నాక్రమించునది గాదని యాయన తన గ్రంథముననే యంగీకరించెను. శిష్యప్రశిష్యుల యుత్సాహమే భాషాశబ్దమును ముఖ్యార్థమున వాడినది.

విమర్శకులు చాలినంతగాఁ దలఁపని విషయ మింకొకటి కలదు. ఈ పద్ధతిలో వాక్యమును గూర్చువారు బొమ్మలు చెక్కినవారు గారు. అంకెల రాశినుండి యేది చెప్పవలెను, దేనిని విడువవలెను, ఏ వరుస దేని సరసన నుండవలెను అని నిర్ణయించువారి కచట రూపాంతరకారు లని పేరు. వారిలో ముఖ్యురాలు, అప్పటికి మేరీ రైడెమైస్టర్ అను పేరు గల యీ మేరీయే. ఐసోటైప్ అను పేరును ఆమె పెట్టినదే. వివక్ష యంతయు నిచటనే యున్నది. లక్షకొక బొమ్మ యైనచో నలువదివేలమంది యేమగుదురు? వారిని సగము బొమ్మగాఁ జూపుటయో, విడుచుటయో యొకరు తలఁపవలెను. వచనమున రచయిత పక్షము క్రియలలో, నవ్యయములలో బయటపడును, ఖండింపవచ్చును. పటమున నది వరుసల యమరికలో దాఁగును గాన నక్షరజ్ఞానము లేని చూపరి ప్రశ్నింపఁజాలఁడు. ఎవరికై యీ పద్ధతి పుట్టినదో వారే దానికి లోఁబడువారు. ఇది చిన్న దోషము గాదు.

1934లో ఆస్ట్రియానుండి హేగ్ నగరమునకును, 1940లో హాలెండునుండి పడవపై నింగ్లండునకును వారు పరుగిడవలసి వచ్చినను, పనికి సంబంధించిన కాగితములు పెక్కు మిగిలినవి. మేరీ వానిని 1971లో రెడింగ్ విశ్వవిద్యాలయమున కిచ్చెను. ముద్రిత పటములలోఁ గానరాని వివక్షను వెదకవలసినవారు చూడవలసిన దా కాగితములనే.