‘చేయబడును’ – ‘పడింది’: మామిడి సీమలో సహాయ నిధుల తెలుగు

ప్రవేశిక

ప్రభుత్వ పథకాల మార్గదర్శకాలను సాహిత్య విమర్శ సాధారణంగా తన పరిధిలోకి తీసుకోదు. అవి పాలనాశాస్త్రానికో అర్థశాస్త్రానికో చెందినవని వదిలివేయడం మనకు అలవాటు. అయితే నూజివీడు చుట్టుపక్కల మామిడి పల్లెల్లో జనం శ్రద్ధగా చదివే, చదివించుకుని వినే, పూర్తిగా అర్థం కాకపోయినా సంతకం చేసే తెలుగు పాఠం కథా కాదు, కవితా కాదు; దరఖాస్తు, అర్హతల జాబితా, మంజూరు పత్రం. ఒక కుటుంబం రెండు మూడేళ్ల బతుకును నిర్ణయించే ఈ పాఠానికి ఒక శైలి ఉంది, పాత్రలున్నాయి, ఒక దృక్కోణం ఉంది. వాక్యంలో కర్త ఎవరు అన్న ఒక్క ప్రశ్నతో దాన్ని చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. పథకాలు మంచివా చెడ్డవా అన్న తీర్పు ఇక్కడ విషయం కాదు.

శాసనం నుంచి మార్గదర్శకం దాకా

ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ మధ్య రాసుకునే పాఠం తెలుగులో కొత్తది కాదు. ద్రాక్షారామ భీమేశ్వరాలయ శాసనాల్లో అఖండదీపానికి చేసిన దానాలు తరచుగా కనిపిస్తాయి. దాత కొన్ని ఆవులనో గొర్రెలనో ఒక బోయకు అప్పగిస్తాడు. ఆ బోయ రోజూ దీపానికి కొలత ప్రకారం నెయ్యి పోయాలి. నేటి పరిభాషలో చెప్పాలంటే ఇది మూలధన సహాయం, దానికొక షరతు. శాసనంలో దాత పేరుంటుంది, పశువులను తీసుకున్నవాడి పేరుంటుంది, పశువుల లెక్క, పోయవలసిన నెయ్యి కొలత ఉంటాయి. ప్రతి క్రియకూ ఒక మనిషి జవాబుదారీ. దీన్ని స్వర్ణయుగమని చెప్పడం లేదు. ‘ఆచంద్రార్కం’ అన్న మాట దాతకు కీర్తి అయితే, బోయ సంతతికి తెగని బాధ్యత. అయినా ఎవరు ఏమి ఇచ్చారో, ఎవరు ఏమి చెయ్యాలో ఆ రాయి దాచిపెట్టలేదు.

మార్గదర్శకాల్లో కనిపించే వాక్యం తరహా వేరు: ‘అర్హులైన లబ్ధిదారులకు ఆర్థిక సహాయం మంజూరు చేయబడును.’ కర్మణి ప్రయోగం తెలుగు వాడుకకు సహజం కాదని భాషావేత్తలు చాలాకాలంగా చెబుతూనే ఉన్నారు. దాన్ని ఇంగ్లీషు ప్రభావంగా తేల్చేసి ఊరుకోవడం చాలదని నా అభిప్రాయం. ఈ వాక్యంలో మంజూరు చేసేదెవరు, అర్హత నిర్ణయించేదెవరు, ఎప్పటిలోగా అన్న మూడింటికీ సమాధానం లేదు. ఆలస్యమైతే ఎవరిని అడగాలో వాక్యమే చెప్పదు. తెలుగును పాలనలోకి తేవడానికి 1966లో అధికార భాషా చట్టం చేసుకున్నాం, 1974లో అధికార భాషా సంఘాన్ని ఏర్పరచుకున్నాం. భాష మారింది, వాక్యం మారలేదు.

నాలుగు ‘దారు’లు

‘లబ్ధిదారు’ అన్న పదం సంస్కృత ‘లబ్ధి’కి పారసీక ‘దారు’ చేర్చి కట్టిన మిశ్రపదం. ‘దారు’ అంటే కలిగినవాడు, పట్టి ఉన్నవాడు. నూజివీడు ఒకప్పటి జమీందారీ. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారు పోయాడు, పట్టాదారు మిగిలాడు. మామిడి తోటల్లో ఇంకొకడున్నాడు, గుత్తదారు. పూత మీదనో పిందె మీదనో తోటను మాట్లాడుకుని, మందులు కొట్టించి, కాపలా పెట్టి, కాయ కోయించి మార్కెట్టుకు తరలించేవాడు తరచుగా ఇతడే. మంచు, తేనెమంచు పురుగు, మే నెల గాలివాన తెచ్చే నష్టంలో పెద్ద వాటా ఇతడిదే. తోటకు సంబంధించిన పథకం పాఠంలో ‘రైతు’ అంటే మాత్రం పాసుపుస్తకం ఉన్నవాడు.

2014 నాటి సమగ్ర ఉద్యాన అభివృద్ధి మిషన్ మార్గదర్శకాల్లో ముదురు తోటల పునరుద్ధరణకు హెక్టారుకు 40,000 రూపాయల ఖర్చు లెక్కగట్టి, అందులో సగం, గరిష్ఠంగా 2 హెక్టార్లకు సాయంగా చూపారు. ముదురు చెట్ల కొమ్మలను బాగా నరికి కొత్త చిగురు తెప్పించే పని అది. నరికిన చెట్టు మళ్లీ నిండుగా కాయడానికి రెండు మూడేళ్లు పడుతుంది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలుదారు ఒప్పందం గడువు 11 నెలలు. చెట్టు కాలానికీ ఒప్పందం కాలానికీ పొత్తు ఎక్కడ కుదురుతుంది? తోటలో పనిచేసే ‘దారు’ ఒకడు, పాఠంలో లబ్ధి పొందే ‘దారు’ మరొకడు.

గ్రాంటు లోపలి అప్పు

2020 జూన్ 29న మొదలైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల క్రమబద్ధీకరణ పథకం మామిడి సీమకు దగ్గరగా వచ్చిన పాఠం. ఆవకాయ పెట్టే, ఒరుగులు ఎండబెట్టే, తాండ్ర పోసే ఇంటి పనిని పరిశ్రమగా గుర్తించడం చిన్న విషయం కాదు. ఆ గుర్తింపును నేను తక్కువ చేయడం లేదు. అయితే పేరులోని ‘క్రమబద్ధీకరణ’ అనే మాట దగ్గర ఆగాలి. తెలుగు పాఠకుడికి ఈ మాట బాగా పరిచయమైంది అనుమతి లేని లేఅవుట్ల విషయంలో. తరతరాలుగా ఇంట్లో పెడుతున్న ఊరగాయ ఈ మాటతో ఒక్కసారిగా క్రమం తప్పిన వస్తువైంది.

ఇక లోపలి లెక్క. ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, 10 లక్షల రూపాయలకు మించకుండా గ్రాంటు. కనీసం 10 శాతం సొంత వాటా, మిగిలినది బ్యాంకు అప్పు. గ్రాంటు సొమ్ము నేరుగా చేతికి రాదు. బ్యాంకులో విడిగా నిలవ ఉంటుంది. అప్పు చివరి విడత అందిన మూడేళ్ల తర్వాత, వాయిదాలు సక్రమంగా ఉండి యూనిట్ నడుస్తుంటేనే సర్దుబాటవుతుంది. స్వయం సహాయక సంఘాల విషయంలో మరీ ఆసక్తికరం. సభ్యురాలికి 40,000 రూపాయల చొప్పున ప్రారంభ మూలధనం సమాఖ్యకు గ్రాంటుగా వస్తుంది, సంఘం ద్వారా సభ్యురాలికి చేరేసరికి అప్పుగా మారుతుంది. పై మెట్టు మీద గ్రాంటు, కింది మెట్టు మీద రుణం; సొమ్ము ఒకటే. సంఘంలో డబ్బు తిరుగుతూ ఉండాలన్న ఆలోచన సమంజసమే కావచ్చు. దాన్ని ‘సహాయం’ అన్న ఒకే మాటతో ప్రచారం చేయడం పాఠంలోని దోషం.

ఊళ్లో దీనికి మార్గదర్శకం కంటే కచ్చితమైన పేరుంది: ‘సబ్సిడీ లోను’. పత్రంలో ‘రుణ అనుసంధానిత రాయితీ’ అని రాయితీని విశేష్యం చేస్తే, జనం లోనునే విశేష్యం చేశారు. ముందు అప్పు, ఆ తర్వాతే తగ్గింపు. ఈ రెండు సమాసాల్లో విమర్శనాదృష్టి ఉన్నది రెండోదానికే.

కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ (1964) ఇక్కడ గుర్తుకు రావడం సహజం. సుందరపాలెం అభివృద్ధి చెందిన ఊరుగానే కథలో కనిపిస్తుంది. ఆ అభివృద్ధి మధ్యనే అప్పల్రాముడి అప్పు పెరుగుతుంది, తరం దాటుతుంది. ఊరికి వచ్చిన మేలునూ ఒక ఇంటి మీద పడిన అప్పునూ ఒకే పాఠంలో పెట్టి చదివించిన కథ అది. మార్గదర్శకం ఈ రెండింటినీ వేర్వేరు పేరాల్లో రాస్తుంది.

పై నుంచి, కింది నుంచి

‘లోను శాంక్షనయింది’, ‘సబ్సిడీ పడింది’, ‘నా పేరు పడలేదు’, ‘బిల్లు పడలేదు’ – ఇవి పల్లెలో నిత్యం వినిపించే వాక్యాలు. వీటిలోనూ కర్త లేడు. ‘చేయబడును’లోని ‘బడు’కు మూలం ‘పడు’ ధాతువే. పై నుంచి వచ్చే వాక్యం ఇచ్చేవాడిని కప్పిపుచ్చితే, కింది నుంచి వచ్చే వాక్యం సొమ్మును వానలా చూస్తుంది. వాన పడింది, మంచు పడింది, సబ్సిడీ పడింది. ఎవరినీ ప్రశ్నించనక్కరలేదు, కనిపెట్టుకుని ఉంటే చాలు. పత్రం నేర్పిన వ్యాకరణాన్ని జనం ఎంత తొందరగా ఒంటబట్టించుకున్నారో ఈ ఒక్క ధాతువు చెబుతుంది.

రాజ్యాంగంలోని పదకొండో షెడ్యూలు పంచాయతీలకు 29 అంశాలు చూపింది. ఎనిమిదోది ఆహార శుద్ధితో కూడిన చిన్న పరిశ్రమలు, పద్దెనిమిదోది సాంకేతిక శిక్షణ. అంటే ఇక్కడ కర్త గ్రామసభ కావాలి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికి ముడిపెట్టినవి. వాటి అవసరాన్ని ఎవరూ కాదనరు. మిగిలిన 40 శాతం మీదే ఊరు తన మాట తాను చెప్పుకోవాలి. వీటికి తెలుగు పేర్లు పెట్టే ప్రయత్నం వాడుకలోకి రాలేదు. సర్పంచులు ‘టైడు’, ‘అన్‌టైడు’ అనే అంటారు.

కర్త ఉన్న పాఠం మన కళ్లముందే ఒకటుంది: డ్వాక్రా సంఘాల తీర్మానాల పుస్తకం. 1982–83లో కేంద్ర పథకంగా వచ్చిన ఆ ఇంగ్లీషు పొడి అక్షరాల పేరు, తొంభైల నాటికి మన రాష్ట్రంలో అచ్చ తెలుగు మాటలా స్థిరపడింది. రోజుకో రూపాయి దాచుకున్న కాలం నుంచీ ఆ పుస్తకంలో క్రియలు వేరు: ‘పొదుపు కట్టాము’, ‘అప్పు ఇచ్చాము’, ‘తీర్మానించాము’. కింద తేదీ, పేర్లు, సంతకాలు, వేలిముద్రలు. అక్షరదోషాలు ఉంటాయి, వాక్యం ఒక్కోసారి పూర్తి కాదు. అయినా ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో అందులో తెలుస్తుంది. ద్రాక్షారామం రాతికి దగ్గరి చుట్టం ఈ పుస్తకమే గానీ మార్గదర్శకం కాదు. విచిత్రమేమంటే, దరఖాస్తుకు ఇదే తీర్మానాన్ని జతపరచమంటారు. లోపలికి వెళ్లేటప్పుడు ‘మేము’గా వెళ్లిన సంఘం, మంజూరు పత్రంలో ‘లబ్ధిదారులు’గా తిరిగివస్తుంది.

కాలం గురించి ఒక మాట. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో ఈ మామిడి సీమ రెండుగా చీలింది. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ఏలూరు జిల్లాలోకి. విస్సన్నపేట, రెడ్డిగూడెం, మైలవరం, తిరువూరు ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి. రెండు వైపులా లెక్కలు మార్చి 31న ముగుస్తాయి. వినియోగ పత్రాలు అప్పటికి సిద్ధం కావాలి. ఆ రోజుకు బంగినపల్లి చాలావరకు కొమ్మమీదే ఉంటుంది. ఆవకాయ కాయకూ నూనెకూ కారానికీ సొమ్ము కావలసింది ఏప్రిల్, మే నెలల్లో. ఆగస్టులో ‘పడిన’ సొమ్ముతో ఆ ఏడు జాడీలు నిండవు. ‘చేయబడును’ అన్న భవిష్యత్ క్రియలో ఏ నెల అన్నది ఉండదు.