‘లూమెన్’ శబ్దము – అర్థవృత్తి విచారము

లాటిను భాషలో వెలుగును చెప్పు పదములలో లూక్స్, లూమెన్ అనునవి ముఖ్యములు. రెండును ఒకే ధాతువునుండి పుట్టినవి. సంస్కృతమున ‘రుచ్’ ధాతువు వీనికి జ్ఞాతి. లూక్స్ అనగా సామాన్యముగా వెలుగు, పగలు. లూమెన్ అనగా కాంతి, కాంతినిచ్చు దీపము. ఇంతియకాక కన్ను, కిటికీ, కీర్తి, వాక్యాలంకారము అను అర్థములును దీనికి కలవు. నిఘంటుకారులు వీనిని వాచ్యములనియు, ఆలంకారికములనియు రెండుగా విభజింతురు. ఈ విభాగము చాలదు. మన ఆలంకారికుల శబ్దవృత్తి విచారము ఇచట ఎక్కువ ఉపకరించును.

లక్షణకు ముఖ్యార్థబాధ, తద్యోగము, రూఢి ప్రయోజనములలో ఒకటి హేతువులని మమ్మటుడు కావ్యప్రకాశమున చెప్పినాడు. రోమనుల ధర్మశాస్త్రమున, పొరుగువాడు ఎత్తుగా కట్టి తన యింటి ‘లూమెన్’లకు అడ్డు రాకుండ నిరోధించు హక్కు గృహస్థునకు కలదు. వెలుగు వచ్చు దారికి వెలుగు పేరే వచ్చుట రూఢిలక్షణ. ఈ రూఢి ఎంత ముదిరినదనగా, నేటి శరీరశాస్త్రమున రక్తనాళము లోపలి ఖాళీకి కూడ లూమెన్ అనియే పేరు. అచట వెలుగు లేశమైనను లేదు. రంధ్రము మాత్రమే మిగిలినది.

సిసెరో ప్రయోగము వేరు. క్రీ.పూ. 46లో రచించిన ‘ఓరాటర్’ గ్రంథమున అతడు వాక్యభూషణములను లూమెన్‌లుగా పేర్కొన్నాడు. ఇది సాదృశ్యమూలకమైన ప్రయోజనలక్షణ. మన ‘అలంకార’ శబ్దము ఆభరణమును తలపించును. సిసెరో మాట దీపమును తలపించును. ఆభరణము తాను మెరయును. దీపము తన చుట్టునున్న దానిని చూపును. మన దీపకాలంకారమునకు ఆ పేరు వచ్చుటలోను ఈ భావమే కలదు: ఒకచోట చెప్పిన ధర్మము ప్రకృతాప్రకృతములను రెంటిని ప్రకాశింపజేయును.

ఇక వర్జిల్ ‘ఈనియడ్’ తృతీయ భాగమున ఒంటికంటి రాక్షసుడైన పాలిఫీమస్ కనబడును. యులిసీస్ వాని కన్ను పొడిచి పోయినాడు. ఆ నష్టమును చెప్పుటకు కవి లూమెన్ శబ్దమునే వాడెను. నేత్రమని తెనిగించినచో అవయవనష్టము మాత్రమే తెలియును. వెలుగని తెనిగించినచో చీకటి మాత్రమే తెలియును. రూఢిచే నిద్రించిన ముఖ్యార్థము ఈ సందర్భబలమున మరల మేల్కొని, వాని దైన్యమును వ్యంజింపజేయుచున్నది. ఇది వ్యంజనావ్యాపారము, లక్షణతో ముగియునది కాదు. ఆంగ్లము మీదుగా తెనిగించువారు ఈ రెండింటిలో ఒకదానిని విడుచుట తరచుగా సంభవించును. తెలుగున ‘కనువెలుగు’ అను సమాసము చేతిలోనే యున్నది. దానిని వాడినచో రెండర్థములును నిలుచును.

ఆనందవర్ధనుని గ్రంథమునకు ‘ఆలోకము’ అనియు, దానిపై అభినవగుప్తుని వ్యాఖ్యకు ‘లోచనము’ అనియు పేర్లు. ఒకటి వెలుగు, రెండవది కన్ను. లాటినున ఈ రెంటికిని లూమెన్ ఒక్కటే చాలును. నిఘంటువు అర్థములను లెక్కించి చూపును. ఏ ప్రయోగమున ఏ యర్థము జీవించియున్నదో, ఏది అణగియున్నదో నిర్ణయించుట విమర్శకునకును, అనువాదకునకును విడువరాని పని.