భాగస్వామ్యంలో బస్తీ వాటా ఎంత?

యువజన వికాస కార్యక్రమాలకూ సర్కారు బడులకూ మధ్య "భాగస్వామ్యం" అనే మాట బాగా చెలామణిలో ఉంది. కంపెనీ డబ్బిస్తుంది, స్వచ్ఛంద సంస్థ మనిషిని పంపుతుంది, హెడ్మాస్టరు గది చూపిస్తాడు. ముగ్గురూ భాగస్వాములే. ఆ గదిలో కూర్చునే పిల్లలూ వాళ్ల తల్లిదండ్రులూ మాత్రం "లబ్ధిదారులు". ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరం గురించే మేము మాట్లాడుతున్నాం.

ఉప్పల్, నాచారం సంగతే చూద్దాం. రెండూ పారిశ్రామికవాడలున్న చోట్లు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. తాము పనిచేసే ప్రాంతానికి, దాని చుట్టుపక్కలకు ప్రాధాన్యం ఇవ్వాలి. అంటే ఇది దయతో వేసే భిక్ష కాదు, చట్టం పెట్టిన బాధ్యత. పైగా ఆ లాభాల్లో ఇదే వాడల్లో మూటలు మోసి, ప్యాకింగ్ చేసి, ఊడ్చిన దళిత బహుజనుల చెమట ఉంది. మరి పిల్లల చేత చప్పట్లు కొట్టించి ఫోటోలు తీసుకోవడం దేనికి?

ఇక నేర్పేదేమిటి? ఆత్మవిశ్వాసం, నాయకత్వం, మాటతీరు, ఇంగ్లీషు. ఇంగ్లీషు వద్దని మేము అనడం లేదు. అది మన పిల్లల హక్కు. కానీ లోపమంతా పిల్లల వ్యక్తిత్వంలోనే ఉన్నట్టు పాఠం మొదలవుతుంది. ఇంటిపేరు అడిగి కులం ఆరా తీసే సమాజాన్ని గానీ, ఖాళీగా ఉన్న టీచరు పోస్టును గానీ ఆ పాఠం తాకదు. కులం ఊసెత్తని వ్యక్తిత్వ వికాసం ఎవరికి సుఖం?

యువకులు బడి కోసం పనిచేయడం ఈ నగరానికి కొత్తేం కాదు. 1888లో పుట్టిన భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టేనాటికి 18 ఏళ్ల యువకుడు. ఆ తర్వాత హైదరాబాదులో దళిత పిల్లల కోసం ఆయన నడిపిన బడులు 26 దాకా పెరిగాయి. అక్కడ ఇచ్చేవాళ్లు వేరు, పుచ్చుకునేవాళ్లు వేరు కాదు.

మళ్లీ ఆ కాలానికి పోనక్కర్లేదు. సర్కారు బడి సర్కారు బాధ్యతే. అయితే అడగడానికి చట్టంలోనే ఆధారం ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. అణగారిన, బలహీన వర్గాల వాళ్లకు దామాషా ప్రకారం చోటుండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలుండాలి. సర్కారు గ్రాంట్లే కాదు, ఇంకెక్కడి నుంచి వచ్చిన గ్రాంటయినా ఎలా ఖర్చవుతున్నదో చూసే అధికారం ఆ కమిటీకి ఉంది. ఈ సంగతి బస్తీ తల్లులకు చేరవేయడం ఉద్యమాల పని, టీచర్ల పని.

కాబట్టి మేము అడిగేది ఇది. ప్రతి ఒప్పందాన్నీ తెలుగులో రాసి, మొదలుపెట్టకముందే కమిటీ ముందు పెట్టాలి. ఎంత డబ్బు, ఎన్నాళ్లు, ఏ పాఠం, పిల్లల ఫోటోలు ఎవరి అనుమతితో తీస్తారు, అన్నీ అందులో ఉండాలి. టీచరు పోస్టుకు బదులు వాలంటీరును చూపిస్తే ఒప్పుకోకూడదు. ఆ చట్టం 8వ తరగతి దగ్గరే ఆగినా 9, 10 తరగతుల్లోనూ ఇదే పద్ధతి నడవాలి. "వద్దు" అనే హక్కు లేనివాళ్లను భాగస్వాములని పిలవడం మోసం.