గోదావరి మట్టము - ప్రోగ్రామింగ్ భాషల తగవు

ప్రోగ్రామింగ్ భాషలలో స్టాటిక్ భాషలు భద్రమైనవనియు, డైనమిక్ భాషలు సులభమైనవనియు కళాశాలలలో తరచు వినబడు మాట. ఈ మాట సగమే నిజము. మన ప్రాంతపు ఉదాహరణముతోనే దీనిని విచారింతము.

ఖమ్మము మైదానము దాటి అడవి అంచున నున్న భద్రాచలమువద్ద గోదావరి 43 అడుగులకు చేరినచో మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది జారీ యగును. 1986 ఆగస్టులో 75.6 అడుగుల వరద వచ్చినది. 2022 జులైలో మట్టము 71 అడుగులు దాటినది. మట్టమును చదివి హెచ్చరిక నిచ్చు చిన్న ప్రోగ్రామును ఒక విద్యార్థి వ్రాసె ననుకొందము.

పైథాన్ డైనమిక్ భాష. అందు ఒక పేరునకు సంఖ్యనైనను, అక్షరముల వరుసనైనను ఇయ్యవచ్చును. అది ఏ రకమో ప్రోగ్రాము నడచునపుడే తేలును. మట్టము, హద్దు రెండును ఫైలునుండి అక్షరములుగా వచ్చినచో, యంత్రము నిఘంటువులో మాటలను పేర్చినట్లు మొదటి అక్షరములనే పోల్చును. 4 కంటె 9 పెద్దది. కనుక మట్టము 9 అడుగులే యైనను 43 దాటినదని సైరను మ్రోగించును! తప్పు జరిగినదను సందేశము రాదు. రెండుమూడుసార్లు వట్టి కూత విన్న ఊరివారు నిజమైన వరదనాడు కదలుదురా? 'నాన్నా పులి' కథ మనకు తెలిసినదే.

జావా స్టాటిక్ భాష. ప్రతి పేరునకు రకము ముందే నిర్ణయమై యుండవలెను. అక్షరముల వరుసలను 'పెద్దది' అను గుర్తుతో పోల్చబోయినచో, ప్రోగ్రాము నడువకముందే కంపైలరు నిలిపివేయును.

అంతమాత్రమున నిశ్చింత కలదా? అడుగులకు బదులు మీటర్లు వచ్చిన వనుకొందము. 53 అడుగులనగా సుమారు 16.2 మీటర్లు. 16.2 సంఖ్యయే, 43 సంఖ్యయే. కంపైలరు అభ్యంతరము చెప్పదు. మూడవ హెచ్చరిక ఇయ్యవలసిననాడు సైరను మూగవోవును. అడుగులు, మీటర్లు వేర్వేరు రకములని వ్రాయువాడు ప్రకటించిననే కంపైలరు కాపలా కాయగలదు. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్టు తొలి ప్రయాణములోనే నాశనమైనది. 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలో ఇరికింపబోవుట కారణము. ఆ ప్రోగ్రాము వ్రాసినది కట్టుబాట్లకు పేరొందిన స్టాటిక్ భాషయగు అడాలోనే.

డైనమిక్ భాషకును గొప్ప సుగుణము కలదు. ఒక ఆలోచనను కొద్ది పంక్తులలో వ్రాసి వెంటనే పరీక్షింపవచ్చును. 2015లో పైథాన్ 3.5 రకముల సూచనలకు చోటిచ్చినది. ఐతే వాటిని పైథాన్ తనంతట తాను తనిఖీ చేయదు, వేరొక సాధనమును నడపవలెను.

కావున ప్రయోగశాలలో డైనమిక్ భాష చాలును. సైరనుకు తగిలించు ప్రోగ్రామునకు ముందస్తు తనిఖీ అవసరము. ఏ భాషయైనను 9, 42.9, 43, 53 అను విలువలతోను, మీటర్లలో నిచ్చిన విలువలతోను పరీక్షింపక ఊరికి అప్పగింపరాదు.