సహాధ్యాయి వ్యాసమును దిద్దుట : కైరుప్పల కథపై నొక పరిశీలనము

కావ్యమును పరీక్షించు విధమును గూర్చి మన భాషలో వాదోపవాదములకు కొఱతలేదు. 1914లో వెలువడిన కట్టమంచివారి కవిత్వతత్త్వవిచారము మొదలు నేటివఱకు అవి సాగుచునే యున్నవి. కాని విమర్శవ్యాసమునే పరీక్షింపవలసి వచ్చినప్పు డేమి చేయవలెను? పరిశోధకవిద్యార్థి తన వ్రాతను ఆచార్యున కొసగుటకు ముందు సహాధ్యాయికి జూపుట వాడుక. ఆ సహాధ్యాయి దేనిని దిద్దవలెను, దేనిని తాకరాదు అను విషయమును, ఇటీవల మా పరిశీలనకు వచ్చిన యొక వ్యాసమును, దానిపై నొక విద్యార్థి చేసిన దిద్దుబాటులను ముందుంచుకొని విచారింతుము.

వ్యాసవిషయము కర్నూలు జిల్లా ఆస్పరి మండలమందలి కైరుప్పల గ్రామకథ. ఆదోని, ఆలూరు సీమలు 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రమున జేరువఱకు బళ్ళారి జిల్లాలోనివి. కైరుప్పలలో ఉగాది మఱునాడు జనులు రెండు పక్షములై పిడకలతో గొట్టుకొందురు. ఒకటి వీరభద్రస్వామి పక్షము, రెండవది కాళికాదేవి పక్షము. వీరిరువురును వలచుకొనిరనియు, పెండ్లిమాట జాగైనందున కలహము పుట్టెననియు, దేవి పక్షమువారు స్వామిని పిడకలతో గొట్టగా స్వామి పక్షమువారు బదులు కొట్టిరనియు, తుదకు రాజీ కుదిరి కల్యాణము జరిగెననియు కథ. దెబ్బలు తగిలినవారు గుడిలోని విభూతిని పూసికొందురు.

వ్యాసకర్త యీ కథను వీరభద్రవిజయముతో బోల్చి, పురాణగాథ గ్రామీణుల నోటబడి వికృతమైనదని తేల్చినాడు. సహాధ్యాయి యెఱ్ఱసిరాతో దిద్దిన ప్రతిని మేము చూచితిమి. అరసున్నలు, బండిఱాలు, విసంధులు చక్కబడినవి. అది మంచిదే. అంతటితో నాగక, వ్యాసకర్త వ్రాసిన 'పిడకల దెబ్బలాట'ను కొట్టివేసి 'గోమయపిండ సంగ్రామము' అని వ్రాసినాడు. సంస్కృతీకరించినంత మాత్రమున పిడక గౌరవము పెరుగదు. పైగా పిడక యెండినది; గోమయపిండము పచ్చిది కావచ్చును. భాషను దిద్దబోయి వస్తువునే మార్చినట్లయినది. జానపదవాఙ్మయమును గూర్చి వ్రాయునపుడు ఆ జనుల మాట సాక్ష్యము. 1958లో ప్రచురితమైన బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపద గేయసాహిత్యము' వచ్చిన పిమ్మట గూడ మన విద్యార్థులకు పల్లెమాటయెడ నింత సంకోచ మేల?

ఇదియైనను చిన్నది. వ్యాసమున కాధారమైన తీర్పువాక్యము ప్రక్కన సహాధ్యాయి 'బాగున్నది' అని మాత్రము వ్రాసినాడు. పరీక్షింపవలసిన చోటు సరిగా నదియే.

వికృతి యనగా నొక ప్రకృతి యుండవలెను గదా! వీరభద్రవిజయమున కోపము శివునిది, అపరాధము దక్షునిది, ఫలము యజ్ఞధ్వంసము. పురాణములలో భద్రకాళి వీరభద్రునకు తోడై ఆ ధ్వంసమునకే నడచును. ఆమె అతనికి ప్రతిపక్షము కాదు. కైరుప్పలలో దక్షుడును లేడు, యజ్ఞమును లేదు. అచ్చటిది వలపు, జాగు, అలుక, దెబ్బలు, పెండ్లి. పేర్లు రెండు కలిసినంత మాత్రమున కథలు కలిసినవని వ్యాసకర్త భ్రమపడినాడు. 'ఈ కావ్యముతోనే యేల పోల్చితివి?' అని సహాధ్యాయి యొక్క ప్రశ్న వేసియున్నచో వ్యాసము దారి మారియుండెడిది. మఱియు వీరభద్రవిజయము పోతన తొలికృతి యని వ్యాసకర్త నిస్సంశయముగా వ్రాసినాడు; ఆ కర్తృత్వమును శంకించిన పండితులును గలరని యొక సూచనయైన అంచున లేదు.

మా మటుకు మాకు ఈ కథకు దగ్గఱి చుట్టము ప్రణయకలహము. తిరుమలలో వైకుంఠ ఏకాదశి వెళ్ళిన కొన్నిదినములకు జరుగు ప్రణయకలహోత్సవమున అమ్మవార్ల పక్షమున స్వామిపై పూలచెండ్లు విసరుదురు. తిమ్మన పారిజాతాపహరణమున అలిగిన సత్యభామ శ్రీకృష్ణుని శిరమును వామపాదమున దన్నినది. పూలచెండు, పాదము, పిడక: సాధనములు వేఱు, అలిగిన స్త్రీ పక్షమున దేవునిపై దెబ్బ పడుటయు, పిదప సమాధానమగుటయు సమానములు. ఈ దృష్టితో జూచినచో కైరుప్పల కథ చెడిన పురాణము గాదు, తనకుదాను సమగ్రమైన మఱియొక కథ.

అయినను ఈ పోలికను సహాధ్యాయి తానే వ్యాసమున జొప్పించుట తగదు. అట్లు చేసినచో అది అతని వ్యాసమగును, క్రింద సంతకము మాత్రము మఱియొకనిది. దిద్దువాడు ప్రశ్న నడుగవలెను. సమాధానము వ్యాసకర్త వెదకికొనవలెను. మిత్రుని వ్రాతయందు మొగమాటమును, పోటీదారుని వ్రాతయందు కసియు నుండుట సహజము. ఐ. ఏ. రిచర్డ్స్ కేంబ్రిడ్జిలో కవుల పేర్లు దాచి పద్యములను విద్యార్థుల కిచ్చి, వారి వ్యాఖ్యలను 1929లో 'ప్రాక్టికల్ క్రిటిసిజమ్' అను గ్రంథమున పరిశీలించెను. వ్యాసముల యెడ గూడ పేరు కప్పి చదువుట కొంత మేలు.

అడుగవలసిన ప్రశ్న మఱియొకటి యున్నది. 'గ్రామస్థులు చెప్పుదురు' అని వ్యాసమున తొమ్మిదిమార్లు వచ్చినది. ఏ గ్రామస్థులు? ఊరే రెండు పక్షములుగా నిలుచు కథ యిది. జాగుచేసినదెవరు, ముందుగా నవమానపడినదెవరు అను విషయమున స్వామి పక్షమువాని మాటయు దేవి పక్షమువాని మాటయు నొక్కటియే యని యెట్లు నమ్ముదుము? చెప్పినవాని పక్షము తెలియనిదే ఆ పాఠమునకు విలువకట్టుట సాధ్యము కాదు.

మేము ఈ రెండు ప్రశ్నలను అంచున వ్రాసి ప్రతిని సహాధ్యాయికే తిప్పి యిచ్చితిమి. అతడు వ్యాసకర్తతో కూర్చుండి మరల చదివినాడు. రెండవ ప్రతిలో 'వికృతము' అను మాట పోయినది, 'పిడకల దెబ్బలాట' తిరిగి వచ్చినది. పారిజాతాపహరణముతోడి పోలికను మాత్రము వ్యాసకర్త యంగీకరింపలేదు. కావ్యమున కలహము దంపతుల నడుమనే ముగియును, కైరుప్పలలో నది వియ్యాలవారి కలహమై ఊరంతయు గ్రమ్మును, కావున కావ్యమును ప్రమాణముగా గొనరాదని అతని వాదము. సహాధ్యాయి దీనికి సమ్మతింపక తన యాక్షేపణను అధోజ్ఞాపికగా నిలిపినాడు. వ్యాసకర్త దానిని కొట్టివేయలేదు. ఇరుపక్షముల కథకుల మాటలను వేర్వేఱుగా వ్రాసికొనుటకు వారిరువురును వచ్చు ఉగాదికి కైరుప్పలకు బోవనున్నారు.