జడత్వమనే మాటలోని చిక్కు

భౌతికశాస్త్రములో విద్యార్థికి ముందుగా ఎదురయ్యే నియమములలో జడత్వ నియమము ఒకటి. బాహ్యబలము పనిచేయనంతవరకు నిలిచియున్న వస్తువు నిలిచియే ఉంటుంది. కదిలే వస్తువు అదే వేగముతో సరళరేఖలో కదులుతూనే ఉంటుంది. నియమములో భాగములు రెండు. కాని తెలుగులో ఈ పాఠము చెప్పే తీరును పరిశీలిస్తే, మొదటి భాగమునకు దక్కిన ఆదరము రెండవదానికి దక్కలేదని తెలుస్తుంది. గ్లాసుపై అట్టముక్క, దానిమీద నాణెము. కర్రతో కొడితే దుప్పటి నుండి రాలే దుమ్ము. కొమ్మను ఊపితే రాలే కాయలు. ఇవన్నీ నిలిచియున్న వస్తువుల కథలే. కదిలే వస్తువుకు సాధారణముగా ఇచ్చే ఉదాహరణ ఒక్కటే: బస్సు హఠాత్తుగా ఆగితే ప్రయాణికుడు ముందుకు ‘తోయబడతాడు’ అంటారు.

లోపము కొంత మాటలోనే ఉన్నది. తెలుగులో జడము అంటే చలనము లేనిది. జడుడు అంటే మందమతి. ఈ అర్థములకు అలవాటు పడిన విద్యార్థి జడత్వమంటే కదలకపోవడమే అనుకుంటే అతని తప్పు కాదు. చిత్రమేమంటే, ఐరోపాలోనూ ఇదే జరిగింది. లాటిన్‌లో ‘ఇనర్షియా’ అంటే సోమరితనము. 17వ శతాబ్దపు తొలినాళ్ళలో కెప్లర్ ఈ మాటను శాస్త్రములోకి తెచ్చినప్పుడు, వస్తువుకు ఆగిపోయే స్వభావమున్నదనే అర్థములోనే వాడాడు. న్యూటన్ 1687లో వెలువరించిన ‘ప్రిన్సిపియా’లో మాటను ఉంచుకొని అర్థమును మార్చాడు. ఆగడానికి కూడ బలము కావలెనన్నదే ఆ మార్పు. తెలుగు పాఠము న్యూటన్ నియమమును వల్లింపజేస్తూ కెప్లర్ అర్థమును నేర్పుతున్నది.

‘తోయబడటము’ అనే మాట ఇంకొక చిక్కు తెచ్చిపెడుతుంది. హైదరాబాదులో అమీర్‌పేట నుండి రాయదుర్గం వైపు సాగే మెట్రోరైలును చూడవచ్చు. బండి సమవేగముతో సూటిగా పోతున్నంతసేపు, ఏ పట్టీని పట్టుకోకుండానే నిలబడి ఫోనులో చదువుకునే ఉద్యోగులు ఎందరో ఉంటారు. హైటెక్ సిటీ స్టేషను దగ్గరపడి బ్రేకు పడగానే అందరి చేతులు పట్టీల వైపు పోతాయి. అప్పుడు వారిని ముందుకు తోసినవారు ఎవరూ లేరు. పెట్టె నేల ఘర్షణతో వారి పాదములను వెనుకకు పట్టి ఆపింది; నడుము పైభాగము అంతకుముందున్న వేగముతోనే సాగింది. మలుపులో జరిగేదీ అంతే. బండి పక్కకు తిరుగుతుంది, శరీరము సూటిగా పోబోతుంది. పక్కకు తోసినట్లు తోచడము బండిలో ఉన్నవాని అనుభవము మాత్రమే. నేలమీద నిలిచి చూసేవానికి అటువంటి బలము ఏదీ కనబడదు.

ఇది పరీక్షలో రెండు మార్కుల విషయమైతే ఉపేక్షించవచ్చును. కాని అదే ఐటీ ప్రాంతములో ఈ నియమము ఒక ప్రాణము ఖరీదు చేసింది. బయోడైవర్సిటీ కూడలిలోని రెండవ అంతస్తు వంతెన 2019 నవంబరు 4న ప్రారంభమైనది. అదే నెల 23న వేగముగా వచ్చిన ఒక కారు వంపు వద్ద అంచుగోడను దాటి కింది రోడ్డుపై పడింది. కింద ఉన్న ఒక మహిళ మరణించింది, మరికొందరు గాయపడ్డారు. అక్కడి వేగపరిమితి గంటకు 40 కిలోమీటర్లు. కారు వేగము 100 కిలోమీటర్ల ప్రాంతములో ఉన్నదని అధికారులు ప్రకటించారు.

ఇటువంటి ప్రమాదము జరిగినప్పుడు వంపు కారును విసిరివేసిందని చెప్పుకోవడము పరిపాటి. శాస్త్రము ప్రకారము ఇది తలకిందుల మాట. వంపు దేనినీ విసరదు. కారును వంపు తిప్పడానికి లోపలి వైపుకు పనిచేసే ఒక అసమతుల్య బలము కావలెను. దానిని టైర్లకు రోడ్డుకు మధ్యనున్న ఘర్షణ ఇస్తుంది. ఆ బలము చాలనప్పుడు కారు తన సహజమైన సూటిదారికి దగ్గరగా పోతుంది. అంచుగోడ ఉన్నది ఆ దారిలోనే.

ఎంత బలము చాలదో లెక్కించి చూడవచ్చు. కావలసిన త్వరణము వేగవర్గమును వంపు వ్యాసార్ధముతో భాగించగా వచ్చినంత. ఉదాహరణకు 80 మీటర్ల వ్యాసార్ధము గల సమతలపు వంపును తీసుకుంటే, 40 కిలోమీటర్ల వేగమునకు సుమారు 1.5, 100 కిలోమీటర్ల వేగమునకు సుమారు 9.6 కావలెను (ప్రమాణము: సెకనుకు సెకనుకు మీటర్లు). వేగము రెండున్నర రెట్లయితే అవసరము ఆరు రెట్లు దాటింది. పొడి రోడ్డుపై మంచి టైర్లు ఇవ్వగలిగినది సుమారు 7 లేక 8 మాత్రమే; తడిరోడ్డుపై ఇంకా తక్కువ. పెద్ద కారు రోడ్డును బాగా పట్టుకుంటుందనే నమ్మకము కూడ ఇక్కడ నిలవదు. బరువు పెరిగితే ఘర్షణ పెరిగే మాట నిజమే, కాని తిప్పడానికి కావలసిన బలము కూడ అంతే పెరుగుతుంది.

నాడు తప్పు వేగముదా, వంతెన రూపకల్పనదా అని వాదము నడిచింది. రెండు పక్షములూ ఒకే సూత్రములోని రెండు అక్షరములను చెరొకటి పట్టుకున్నవి. వేగమును తగ్గించడము నడిపేవాని చేతిలో ఉన్నది. వ్యాసార్ధమును పెంచడము, బయటి అంచును ఎత్తుచేసి వాలు ఇవ్వడము, గోడను ఎత్తుగా కట్టడము ఇంజనీరు చేతిలో ఉన్నవి. కింద నిలబడిన మనిషి చేతిలో మాత్రము ఏదీ లేదు. తరువాత వంతెనను కొంతకాలము మూసి, భద్రతా ఏర్పాట్లు పెంచి, 2020 జనవరిలో తిరిగి తెరిచారు.

జడత్వమనే పదము స్థిరపడిపోయినది. దానిని మార్చుట కష్టము, అవసరము కూడ కాదు. మార్చవలసినది పాఠము. నాణెము, దుప్పటి ఉండవచ్చును. వాటి పక్కన మలుపు తిరిగే బండి కూడ ఉండవలెను. బలము ఎటు పనిచేస్తున్నదో విద్యార్థి చేతనే బాణపు గుర్తు గీయించవలెను. ఆ బాణము బయటికి గీసిన విద్యార్థికి నియమము నోటికి వచ్చినా పాఠము రాలేదనే చెప్పవలెను. రేపు ఆ వంతెనల మీద బండి నడిపేది అతడే.