చిన్న ఇంజిన్‌ సేవ

పాత క్యాటర్‌పిల్లర్ డీ2 ట్రాక్టర్ దగ్గరికి వెళ్తే నా కళ్లు ముందుగా వెతికేది డీజిల్ ఇంజిన్‌ను ఆనుకుని ఉండే రెండు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్‌ని. అమెరికా రైతులు దాన్ని పోనీ మోటార్ అంటారు. 1938 నుంచి 1957 దాకా తయారైన ఈ ట్రాక్టర్‌ను నిద్ర లేపేది అదే.

డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో ఉండేలాంటి చలికి ఆయిల్ చిక్కబడి, ఇనుము చల్లబడితే ఆ వేడి చాలదు. ఆనాటి బ్యాటరీలకు అంత బరువు తిప్పే సత్తువా లేదు. అందుకే ముందు తాడు లాగి పోనీని నడిపిస్తారు. రెండు ఇంజిన్లకూ నీళ్లు ఒకటే కాబట్టి దాని వేడి పెద్దదానికి పాకుతుంది. పోనీ పొగగొట్టం డీజిల్ పీల్చే గాలినీ వెచ్చబెడుతుంది. పెద్ద ఇంజిన్ కంప్రెషన్ (గాలి నొక్కుడు) వదిలేసి, డీజిల్ ఇవ్వకుండా పోనీతో కాసేపు తిప్పితే బేరింగులకు ఆయిల్ ముందే చేరుతుంది. తొందరకు లొంగని ఈ పద్ధతంటే నాకు చాలా గౌరవం.

పోనీకి చేటు చేసేది ఎక్కువగా అరకొర పనే. వేడెక్కకముందే ఆపేస్తే లోపలి తేమ, కాలని పెట్రోలు ఆయిల్‌లో కలిసి దాన్ని పాడుచేస్తాయి. కాబట్టి నడిచిన గంటలు తక్కువే కదా అని ఊరుకోకుండా ఆయిల్ మార్చాలి. మార్చేటప్పుడు వాసన చూడాలి. పెట్రోలు వాసన గట్టిగా వస్తే కార్బురేటర్ ఫ్లోట్ సూది కారుతోందేమో చూడాలి.

ఆపడానికీ ఒక పద్ధతుంది. పెట్రోలు కుళాయి కట్టేసి, కార్బురేటర్‌లో మిగిలింది కాలిపోయేదాకా నడవనివ్వాలి. లేదంటే అది ఎండి జిగురై సన్నని జెట్లను మూసేస్తుంది. ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను కూడా పీల్చుకుంటుంది. నిప్పురవ్వకు కరెంటు ఇచ్చే మాగ్నెటో పాయింట్లు శుభ్రం చేసి, మధ్య సందు సరిచూడాలి. డీజిల్ ఇంజిన్ అందుకోగానే, రెంటినీ కలిపే పినియన్ పళ్లచక్రం వెనక్కి తప్పుకోవాలి. అది ఇరుక్కుంటే పెద్ద ఇంజిన్ పోనీని హద్దు మీరిన వేగంతో తిప్పేస్తుంది. తాడును మాత్రం ఎన్నడూ చేతికి చుట్టుకోకండి. ఇంజిన్ వెనక్కి తన్నితే చెయ్యి విరుగుతుంది.

విసుగెత్తి కొందరు పోనీని పీకేసి ఎలక్ట్రిక్ స్టార్టర్ పెట్టిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పాత యంత్రాన్ని కాపాడాలనుకునేవారు మొదట దాన్ని మొదలుపెట్టే యంత్రాన్ని కాపాడాలి.